మాట మధ్యలో ఆగిన స్టెయినున్

హూసవీక్ అనే చలిదేశపు సముద్రతీర ఊళ్ళో ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపిన స్టెయినున్‌కు డెబ్బై దాటినా నోటికి మాత్రం అలుపు రాలేదు. పొద్దున్నే ఈతకొలను పక్కనున్న వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి, ఊరందరి సంగతులూ ఏకరువు పెట్టేది. తక్కినవాళ్ళకు తలూపడమే పని.

ఫిబ్రవరిలో దగ్గూ జ్వరంతో మంచమెక్కింది. నాలుగు రోజులకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి పళ్ళు టకటకలాడేంత చలి. దగ్గితే తుప్పురంగు కళ్ళె. ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో పొడిచినట్టు నొప్పి. నరం పట్టేసిందిలే అనుకుని వేడినీళ్ళ సంచి పెట్టుకుంది.

మధ్యాహ్నం స్నేహితురాలు థోర్డిస్ ఫోన్ చేసింది. నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి.

"ఏం చెప్పమంటావే... నిన్న పక్కింటి... గొర్రె వచ్చి..." అని మొదలుపెట్టింది స్టెయినున్.

"మధ్యలో ఆ ఆగడమేంటే?"

"నీకూ... మాట్లాడే వీలు... ఇద్దామని."

"నలభై ఏళ్ళలో ఒక్కసారైనా ఇచ్చావా? కదలకు, వస్తున్నా!"

పది నిమిషాల్లో థోర్డిస్ మంచుబూట్లు కూడా విప్పకుండా గదిలోకి వచ్చేసింది. స్టెయినున్ పెదవులు నీలంగా ఉన్నాయి. థోర్డిస్ గడియారం చూస్తూ ఆమె ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి ముప్పై రెండు!

"ఇది ఉత్త జలుబు కాదే, న్యుమోనియాలా ఉంది. కూర్చున్నచోటే ఇంత ఆయాసమొస్తే ఇక ఆగకూడదు."

"సోమవారం... డాక్టర్ దగ్గరికి..."

"సోమవారమా! నీ మొహం. ఇప్పుడే!" అంటూ అంబులెన్సుకు ఫోన్ చేసింది.

అప్పుడు వేసింది స్టెయినున్‌కు భయం. థోర్డిస్ చెయ్యి పట్టుకుని మరి వదల్లేదు.

అంబులెన్సు తెచ్చిన బ్రాగి ఒకప్పుడు ఆమె బస్సులో బడికి వెళ్ళినవాడే. ఇప్పుడు గడ్డం నెరిసింది.

"బెల్టు పెట్టాను, స్టెయినున్. అల్లరి చేశారంటే దార్లోనే దింపేస్తా" అన్నాడు.

ఆక్సిజన్ గొట్టంతోనే ఆమె నవ్వబోయి దగ్గింది.

ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ కనబడింది. ఇంకో రోజు ఆగి ఉంటే చాలా కష్టమయ్యేదని డాక్టర్ చెప్పింది. యాంటీబయోటిక్ ఎక్కించారు. మూడో రోజుకల్లా గొర్రె కథ వార్డంతా విన్నది. ఆరో రోజు ఇంటికి పంపారు.

ఇంట్లో మాత్రం నీరసం వారాల తరబడి వదల్లేదు. మెట్లెక్కితే కాళ్ళు వణికేవి. థోర్డిస్ రోజూ వచ్చి, ఒక్కో సందు చొప్పున దూరం పెంచుతూ నడిపించింది. ఏప్రిల్ చివర్లో ఇద్దరూ రెండుచోట్ల ఆగి, ఓడలకు దారి చూపే దీపస్తంభం దాకా వెళ్ళారు. అక్కడ గోడ చాటున ఎండకు కూర్చుని, తెచ్చుకున్న దాల్చినచెక్క రొట్టెలన్నీ తినేసి, సముద్రం మీద ఊపిరి చిమ్ముతున్న తిమింగలాన్ని చూస్తూ సాయంత్రందాకా అక్కడే ఉండిపోయారు.