నంబరు కలిసింది! మా లడ్డూ కోసం బిలాస్‌పూర్ ప్రయాణం

పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునే వంశం మాది. అలాంటిది, పిల్లి కోసమే రాయపూర్ నుంచి రైలెక్కాను! మూడు నెలల కిందట బిలాస్‌పూర్‌లో తెలిపారా అనే పేటలో ఉన్న మా పిన్ని ఇంటికి వెళ్తుంటే ఆటో గుంతలో పడి బుట్ట మూత ఊడింది. మా నారింజ చారల లడ్డూగాడు ఒక్క గెంతు గెంతి సందులోకి మాయమయ్యాడు. మర్నాడు మెడపట్టీ దొరికింది గానీ పిల్లి దొరకలేదు. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాను. మొన్న అక్కడి పశువుల డాక్టరుగారు ఫోన్ చేశారు. "ఒక పెద్దాయన టీకాకి పిల్లిని తెచ్చారమ్మా. మెడలో చిప్పు ఉంటే, ఆ నంబరు నమోదులో వెతికాను, మీ పేరు వచ్చింది. ఆయనేమో తనదే అంటున్నారు. రేపు మీరూ రండి."

పొద్దున్న ఏడింటి బండి ఎక్కితే రెండు గంటల్లో దిగిపోయాను. స్టేషన్ బయట ఆటో అతను నూటయాభై అన్నాడు, బేరమాడితే వందకి వచ్చాడు. సంగతి విని, "అచ్ఛా! అయితే పిల్లి ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుందా?" అని హిందీలో అడిగాడు. చాలామందికి ఇదే అపోహ. చిప్పు దారి చూపించదు. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ వెనక చర్మం కింద సూదితో పెడతారు. స్కానర్ ఆనిస్తే నంబరు చెబుతుంది, అంతే. మెడపట్టీలా ఊడిపోదు.

క్లినిక్‌లో లడ్డూ ఆ పెద్దాయన ఒళ్లో దర్జాగా పడుకుని ఉన్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి, రైల్వేలో రిటైరయ్యారట.

"ఇది మా చంటిగాడమ్మా. నాను పిలిస్తే పలుకుతాది, సూడు. చంటీ!"

వాడు తోకాడించాడు. నేను "లడ్డూ, నాన్నా!" అని పిలిస్తే ఆవలించాడు, ద్రోహి!

"మావయ్యగారూ, నంబరు చూద్దాం," అన్నాను, చిప్పు వేసినప్పుడు ఇచ్చిన నంబరు కార్డు తీసి.

ఆయన నిటారుగా సర్దుకుని కూర్చున్నారు. "నంబరా? సర్వీసంతా యార్డులో వేగన్ల నంబర్లు సరిచూసే డ్యూటీయే నాది. డాక్టరుగారూ, స్కానరిలా ఇవ్వండి, నానే సదువుతాను."

ఒక్కో అంకే ఆయన గట్టిగా చదువుతుంటే నేను కార్డు మీద వేలు జరుపుకుంటూ పోయాను. చివరి అంకె కూడా కలిసింది! కుర్చీలోంచి లేచి ఎగిరి గంతేశాను.

పెద్దాయన వాడి తల ఒకసారి నిమిరారు. తర్వాత పిల్లిని ఎత్తి నా చేతుల్లో పెట్టారు. "నంబరు కలిసినాక వాదనేటమ్మా. బండి మీదే. చేప ముక్కలు మెత్తగా నలిపి పెట్టు, ముల్లుంటే తినడు."

చిప్పు వేయించిన రోజు "పిల్లికీ ఆధార్ కార్డేంటే?" అని నవ్విన మా ఆయనకి అక్కడి నుంచే వీడియో కాల్ చేసి లడ్డూని చూపించాను. లడ్డూ మీద ప్రేమ ఆ పెద్దాయనకీ ఉంది, నాకూ ఉంది. ఆ గింజంత చిప్పే లేకపోతే ఎవరిది ఎక్కువో తేల్చే మొనగాడెవడు? పిల్లుల్ని పెంచేవాళ్లకి ఒక్క మాట: చిప్పు వేయించి ఊరుకోకండి. నమోదులో మీ ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, మీ పిల్లిని ప్రాణంగా చూసుకునే ఇంకొకరి నంబరు కూడా ఇవ్వండి. మా లడ్డూకి ఆ రెండో నంబరు ఆ రైల్వే మావయ్యగారిదే.