తెగని పోగులు

స్పిన్నింగ్ మిల్లులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరూ మెరుపు అనేవారు. కరెంటు అలా రెప్పపాటు పోయి వచ్చిందంటే చాలు, మోటార్లు తడబడి వరస వరసంతా పోగులు పుటుక్కున తెగేవి. మిగతావాళ్లు ఒక పోగు అతికేలోపు మెరుపు నాలుగు అతికేది. "మెరుపేదీ?" అని సూపర్‌వైజరు కేక పెట్టడమే ఆమెకు జీతం మీద జీతం. అందుకే కరెంటు పోతే మిల్లంతా తిట్టుకునేది, ఆమె మాత్రం లోలోపల మురిసిపోయేది. తప్పు పట్టకండి, మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది.

అలాంటి మిల్లుకి చక్రం వచ్చి పడింది. ఎలక్ట్రీషియన్ అందరినీ నిలబెట్టి చెప్పాడు. పెద్ద ఇనప పీపాలో బరువైన ఉక్కు చక్రం ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ గిర్రున తిరుగుతూ వేగం పోగేసుకుంటుంది. కరెంటు పోయిన క్షణంలో ఆ వేగమే కరెంటుగా మారి మోటార్లను నడుపుతుంది, ఈలోగా జనరేటరు అందుకుంటుంది. ఇక పోగులు తెగవట. అందరూ చప్పట్లు కొట్టారు. మెరుపు చేతులు కట్టుకుని నిలబడింది.

ఆ మంట ఎలాగో దిగమింగుకునేదే. కానీ చక్రం గది చూసుకోవడానికి ఎవరిని వేశారు? ఆమె తోడికోడల్ని. నిన్నగాక మొన్న మిల్లులో చేరిన పిల్ల, పోగు అతకమంటే మూడుసార్లు జారవిడిచేది. ఇప్పుడు దానికో కుర్చీ, నెత్తిమీద ఫ్యాను. మీటరు ముల్లు పచ్చగీత దాటకుండా చూసుకుంటే చాలు. ఇంట్లో అత్తగారు కూడా చిన్నకోడలు మిషన్లు చూసుకుంటోందని పక్కింటివాళ్లకి చెప్పుకోవడం మొదలుపెట్టింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఊరికే పుట్టలేదు. నిజానికి ఆ పిల్ల నవ్వనైనా నవ్వలేదు. అయినా మెరుపుకి అన్నం సయించడం మానేసింది. పనిలోకి వస్తూ పోతూ ఆ గది తలుపు వైపు చూసి, ఆ చక్రం ఒక్కసారి చేతులెత్తేస్తే బాగుణ్ణని కోరుకునేది.

ఒక మధ్యాహ్నం దీపాలు ఆరిపోయాయి. అలవాటు కొద్దీ మెరుపు తన వరస దగ్గరికి పరుగెత్తింది. కదుళ్లు అలాగే తిరుగుతున్నాయి. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. ఒక్క పోగూ తెగలేదు. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. తెలిసి తెలిసే, వేలితో ఒక పోగు తెంపింది. వెంటనే అతికింది.

"తెగిందా అక్కా?"

వెనక్కి తిరిగితే తోడికోడలు. గదిలోంచి పరుగున వచ్చినట్టుంది, మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ పిల్ల పనిలో ఉండగా కరెంటు పోవడం ఇదే మొదలు. చక్రం పని తప్పిందంటే ముందు తననే నిలదీస్తారని దాని భయం. ఆ సంగతి మెరుపుకీ తెలుసు. అయినా క్షణమే ఆగింది.

"తెగింది," అంది.

తోడికోడలు వంగి, వరసంతా వెతికింది. అతుకు ఎక్కడుందో కనిపెట్టలేకపోయింది. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని మెరుపు రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవరి కంటా పడకుండా అతికేశావు. నువ్వుండబట్టి బతికానక్కా."

ఇలాంటి మాట కోసమే మెరుపు ఇన్నాళ్లూ మొహం వాచిపోయింది. తీరా దొరికాక, ఆ చేతుల్లోంచి తన చేతులు ఎలా వెనక్కి తీసుకోవాలో ఆమెకు తెలియలేదు.