దానియేలుకు నేను అందించిన పేర్లు

నిన్న ఉదయం ఫోన్ స్క్రీన్ మీద దానియేలు పేరు వెలిగింది.

తాడేపల్లిగూడెంలో, నేను లెక్కలు రాసే ఉల్లిపాయల కొట్టులో ఉన్నాను. ఆ నంబరు నుంచి ఫోన్ వచ్చి ఏడాది దాటింది. మాట పోయిన మనిషి ఫోన్ చేయడు కదా.

ఒక్క క్షణం, మాట తిరిగొచ్చిందేమో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఎత్తితే వాళ్ళమ్మాయి.

"మావయ్యా, నాన్న లేరండి."

సాయంత్రం గణపవరంలో సమాధి చేసి వచ్చాం. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడదామంటే ఫోన్ చేయడానికి నాకున్న నంబరు ఆ ఒక్కటే.

నేను పోస్టులు రాసే మనిషిని కాను. ఈ వాట్సాప్ గ్రూపులో పండగ మెసేజ్‌లకు కూడా దండం బొమ్మ పెట్టి ఊరుకుంటాను. ఐదో తరగతితో చదువు ఆగింది, మిగతాది చేపల మార్కెట్ పుస్తకాల్లో రాస్తూ నేర్చుకున్నాను. కానీ ఇది ఈరోజు చెప్పాలి.

తెలియనివాళ్ళకు: దానియేలు ఆకివీడు చేపల మార్కెట్లో వేలం పాట పాడేవాడు. పక్కన బల్ల దగ్గర కూర్చుని రాసేది నేను. ఏ రకం, ఎంత తూకం, ఎవరికి. అలా ఇరవై ఆరేళ్ళు, వాడు పాట మానేసేదాకా.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. పాటగాడి నోట వచ్చిందే గుమస్తా రాయాలి. కంటితో చూసింది రాయకూడదు.

ఒకరోజు తట్టలో కొల్లేటి కొర్రమీనులు. దానియేలు ఒకదాన్ని పైకెత్తి పట్టుకుని, "ఇదీ... ఇదీ..." అని ఆగిపోయాడు.

కొనేవాళ్ళు నవ్వారు. "ఏవండీ దానియేలు గారూ, పొద్దున్నే పడిందేంటండీ?" అన్నాడొకాయన. దానియేలు జీవితంలో చుక్క ముట్టలేదు.

నేను తల వంచుకుని, పుస్తకంలో చదువుకుంటున్నట్టు మెల్లగా "కొర్రమీను" అన్నాను.

అంతే, అందుకున్నాడు. పాట సాగిపోయింది.

ఆ తర్వాత అదే మా పద్ధతైంది. తట్ట రాగానే నేను చేప పేరు గొణుగుతాను, వాడు అరుస్తాడు. శీలావతి. బొచ్చె. తర్వాత్తర్వాత కొనేవాళ్ళ పేర్లు కూడా. ఒక్కోసారి వాడు తప్పు పేరు చెప్పినా నేను సరైనదే రాసేవాణ్ణి. కట్టుబాటు తప్పాను. దాదాపు రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు.

ఒకసారి టీ తాగుతూ అన్నాడు: "ఒరే సూరీ, నువ్వు అందిస్తన్నావని నాకు తెల్సురా. ఇంట్లో చెప్పకు. మేరీ బెంగెట్టుకుంటది."

వాడి భార్యకు చెప్పను అన్నాను.

చెప్పలేదు.

తర్వాత ఒక ఆదివారం ప్రార్థనలో వాడికి సొంత కూతురి పేరు రాలేదు. అప్పుడు ఏలూరు తీసుకెళ్ళి స్కాన్ తీయించారు. ప్రోగ్రెసివ్ అఫేసియా అన్నారు. మెదడులో మాటల భాగం కొద్దికొద్దిగా దెబ్బతింటూ పోయే జబ్బట. మొదట పేర్లు దొరకవు. పోనుపోను మాటే ఉండదు. నయం చేసే మందు లేదన్నారు.

దాని మీద రీసెర్చ్ చేస్తున్న ఒకమ్మాయి, నేనున్న రోజే వాళ్ళింటికి వచ్చింది. బొమ్మల కార్డులు తెచ్చింది.

"ఎవరూ అందించకూడదండీ" అని ముందే చెప్పింది.

దువ్వెన బొమ్మ చూపిస్తే దానియేలు చేత్తో తల దువ్వుకున్నాడు. పేరు రాలేదు. తాళంచెవి చూపిస్తే గాలిలో తిప్పాడు.

తర్వాత చేప.

కార్డు మీదే వేలితో మొప్ప ఎత్తినట్టు ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, తాజాదే అన్నట్టు తలాడించాడు. చేప అన్న మాట మాత్రం రాలేదు. ఆ మాట నా నాలుక చివర ఉంది. పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి ఇలా ఉందండీ?" అని ఆ అమ్మాయి అడిగింది.

"ఆర్నెల్లండి" అంది మేరీ చెల్లెమ్మ. "కదండీ అన్నయ్యగారూ?"

నేను అవునన్నాను.

అప్పుడు ఆ అమ్మాయి చెప్పింది. జబ్బు ఆగదు గానీ, తొందరగా వచ్చినవాళ్ళకు మాటల సాధన కొంతకాలం పనికొస్తుందట. మాట ఉండగానే గొంతు రికార్డు చేసి పెట్టుకుంటారట, ఇంట్లోవాళ్ళ పేర్లూ, పిలుపులూ అన్నీ. "ఇప్పుడు మిగిలిన మాటలైనా రికార్డు చేద్దామండీ" అంది.

మిగిలినవి నాలుగైదే. వాటిలో మేరీ లేదు.

చెల్లెమ్మ ఫోన్లో రికార్డు పెట్టి పట్టుకుని, "నా పేరు ఒక్కసారి అనండి, ఒక్కసారి" అని రోజూ అడిగేదట. వాళ్ళమ్మాయి చెప్పింది.

మార్కెట్లో నేను గొణిగిన రెండేళ్ళూ వాడు ఆ పేరు రోజుకు పదిసార్లు అనేవాడు. ఫోన్లో ఆమెతో మాట్లాడుతూ నా పక్కనే అనేవాడు. ఆ పిలుపును ఎవరూ రికార్డు చేసి దాచుకోలేదు. దాచుకోవాలని వాళ్ళకు తెలియకుండా చేసింది నేను.

వాడి పరువు కాపాడుతున్నాను అనుకున్నాను. వాడితో కలిసి కూర్చునే రోజులు పెంచుకున్నాను కూడా. అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చెల్లెమ్మా, ఇది నీకే రాస్తున్నాను. ఎదురుగా చెప్పే ధైర్యం నిన్న లేకపోయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. పోయిన వారం నేను చూడటానికి వచ్చినప్పుడు నువ్వు పెరట్లో కుళాయి దగ్గర ఉన్నావు. వాడు మంచం మీద నా వైపే చూస్తున్నాడు. పాటలో కూర్చున్నట్టే తల వంచుకుని, మెల్లగా "మేరీ" అన్నాను.

పెదాలు కలిశాయి. విడిపోయాయి. శబ్దం రాలేదు.

రెండోసారి అన్నాను. మళ్ళీ కదిపాడు.

అది నీ పేరే. తూకం తప్పు రాయని మనిషిగా చెబుతున్నాను.

దానియేలూ, ఇక నిన్నెవరూ ఏ పేరూ అడగరు. హాయిగా పడుకోరా.

నీ సూరి