ఎడారికి కంబడి

ఆదోనిలో టీచరుగా ఉన్న మా చెల్లెలు ఫోన్ చేసి, క్రిస్మస్ సెలవుల్లో వాళ్ల బడి టీచర్లంతా రాజస్థాన్‌లోని ఎడారి జాతీయ పార్కుకు పోతున్నారని చెప్పింది. "మంచిదే" అన్నాను. ఆ వెంటనే కుట్టిన జాకెట్టుకు కుడిచెయ్యి ఎడమవైపు పడింది. ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్నాను, అలాంటి తప్పు ఎన్నడూ చేయలేదు.

చెల్లెలు అక్కడ చూడబోయేది బట్టమేక పిట్టను. ఆ పిట్ట నాది. నాకు ఏడేళ్లప్పుడు మా నాయన గొర్రెబొచ్చు కంబడి వేసుకున్న భుజం మీద నన్ను ఎక్కించుకొని, ఆస్పరి దగ్గర కొర్రచేలో చూపించాడు. ఇంతెత్తు పిట్ట, పొడుగు మెడ, ఊరిపెద్ద నడక. చెల్లెలు అప్పటికి పుట్టనే లేదు. ఇప్పుడు మా దిక్కు ఆ పిట్ట ఒక్కటీ కనపడదు. ఆ ఎడారిలో ఇంకా కొన్ని మిగిలున్నాయని పేపరులో చదివి దానికి చెప్పిందీ నేనే. తీరా చూస్తే టీచర్లకు తప్ప బయటివాళ్లకు చోటు లేదట.

అది చాలదన్నట్టు, దారిలోకి రొట్టెలు కూడా నన్నే చేసిపెట్టమంది. కరకరలాడేదాకా కాల్చిన జొన్నరొట్టెలు వారమైనా చెడవు. నలభై కాల్చాను. కాలేది రొట్టో నా కడుపో తెలియలేదు.

రొట్టెలు తీసుకొని ఆదోని పోయేసరికి అది సంచి సర్దుతోంది. పలుచని నూలు చీరలు, నెత్తికి తువ్వాళ్లు, వడదెబ్బ తగలకుండా కొంగున కట్టుకోవడానికి ఉల్లిగడ్డలు.

"ఎడారంటే మన ఆస్పరి ఎండనే గదక్కా, ఇంగ రోంత ఎక్కువ. ఇంగేమన్నా కావల్లంటావా?"

డిసెంబరులో అక్కడ రాత్రిళ్లు ఎముకలు కొరికే చలి అని నాకు తెలుసు. పేపరులో అదీ రాశారు.

"సాల్లే, మోయలేవు" అన్నాను. పిట్టను చూసేదానికి ఆ మాత్రం వణకనీ అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు.

గడప దాటబోతుంటే దాని మంచం మీద మా నాయన కంబడి కనపడింది. వెనక్కి తిరిగి, దాన్ని మడిచి సంచిలో కుక్కాను.

"ఎడారికి కంబడి యాలక్కా?" అని పడీపడీ నవ్వింది.

"రాత్రిళ్లు సలంట. ఇప్పుడే గ్యాపకమొచ్చింది" అన్నాను.

వాళ్లు పోయిన నాలుగైదు రోజులకు పొద్దున్నే ఫోన్ చేసింది.

"నువ్వు కంబడి పెట్టకపోయింటే సలికి బిగుసుకపోయుంటిమి అక్కా. ముగ్గురం దాంట్లోనే దూరినాం. పిట్ట మాత్రం కనపడలే. రేపు ఎనిక్కి వస్తాండాం."

"అయ్యో" అన్నాను. లోపల మాత్రం ప్రాణం లేచొచ్చింది.

అది ఫోన్ పెట్టలేదు.

"నాయన నిన్ను బుజాన కూసోబెట్టుకోని సూపిచ్చినాడని సిన్నప్పట్నుంచి వింటానే ఉండా. ఒక్కసారన్నా నేనూ సూడల్లని వచ్చినా. నాకు రాసిపెట్టలేదు."

"నాయన ఆ పొద్దు బుజాన ఏసుకున్నింది ఆ కంబడే. కప్పుకోనే రా" అన్నాను.