అల్లుడి ముఖం చూడని జూలియా

మీరు జూలియా గ్రే గ్రాస్‌ని కలిసి తీరాలి. లకోటా అనే అమెరికా ఆదివాసీ తెగ ఆవిడ. ఆ తెగ ఉండే పైన్ రిడ్జ్ నుంచి కాలిఫోర్నియా వచ్చి, సముద్రం పక్క లోయలో సినిమా కంపెనీ వేయించిన గుడారాల్లో ఉంటోంది. ఏడవడం ఆవిడ ఉద్యోగం. మాటల్లేని సినిమాలు కదా, ఏడుపంతా కళ్ళలోనే కనిపించాలి. పొద్దున్నే ఎవరో కొడుకు శవం మీద పడి ఏడుస్తుంది; కెమెరా ఆగగానే ఆ శవమే లేచి దుమ్ము దులుపుకుని ఆవిడకి కాఫీ తెచ్చిస్తుంది.

అల్లుడు సైలస్‌కి చావడం ఉద్యోగం. గుర్రం మీంచి అంత అందంగా పడి చచ్చేవాడు ఇంకొకడు లేడు. కానీ తెగ నాయకుడి వేషం ఎప్పుడూ పెర్సీ డాబ్స్ అనే తెల్లాయనదే. ముఖానికి ఎర్రరంగు పూసుకుని లకోటా అయిపోతాడు, మధ్యాహ్నానికి చెమట పట్టి చారలు చారలుగా తయారవుతాడు.

ఒకరోజు పెర్సీ నిజంగానే గుర్రం మీంచి పడ్డాడు. నడుం పట్టేసి కొడవలిలా వంగిపోయాడు. దాంతో డైరెక్టర్ సైలస్‌ని పిలిచి, ఇవాళ్టి సీను బాగా వస్తే నాయకుడివి నువ్వే, రాకపోతే పెర్సీ నడుం బాగయ్యేదాకా ఆగుతానన్నాడు. గుడారాల్లో అందరూ పనులాపి బయటికొచ్చారు. వాళ్ళ నాయకుడిగా వాళ్ళ మనిషే!

సీను చిన్నదే. బందీని వదిలెయ్యమని ముసలి తల్లి నాయకుడి కళ్ళలోకి చూస్తూ వేడుకోవాలి. అక్కడున్న ఒకే ఒక్క ముసలావిడ జూలియా.

అదే వచ్చిన చిక్కు. లకోటాల్లో అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, మాట్లాడుకోరు. పగ కాదు, మర్యాద. పెళ్ళయిన దగ్గర్నుంచీ కూతురు లిజీయే మాటలు మోస్తోంది. ఆ పిల్ల ఊళ్ళో లేకపోతే జూలియా కుక్కతో, పొయ్యి మీద మాంసం ఉందని చెబుతుంది. సైలస్ గుడారం అవతల నుంచి విని, వచ్చి తింటాడు.

కెమెరా తిరిగింది. జూలియా తల మీది శాలువాని ముక్కు కిందకి లాక్కుంది. సైలస్ గుర్రాన్ని సముద్రం వైపు తిప్పేశాడు. మళ్ళీ తీశారు, మళ్ళీ అంతే. ఇంట్లో గొడవేమోననుకుని డైరెక్టర్ రాజీకి దిగాడు.

"గొడవేం లేదు సార్," అంది లిజీ. "ఆయనంటే అమ్మకి బోలెడు గౌరవం. అందుకే చూడదు."

"అయితే ఇవాళొక్కరోజు కాస్త అగౌరవపరచమనమ్మా."

తెర నిండా తన ముఖం కనపడే సీను అదొక్కటే, జూలియాకీ ఆశ ఉంది. చూస్తే పరువు పోతుంది. చూడకపోతే మళ్ళీ పెర్సీయే. ఆ పెర్సీ, ఆశ చావక ఆవేళ కూడా రంగు పూసుకొచ్చి, ఓ పెట్టె మీద వంగి కూర్చునున్నాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, శాలువా తీసి కూతురి చేతికిచ్చింది.

"ఆ వంగిపోయిన అబ్బాయికి కప్పు."

"అమ్మా, ఆయనకా?"

"ఇన్నాళ్ళూ మన మగాడయ్యాడు. ఇవాళ మన ముసలమ్మ అవుతాడు. నడుం కూడా కుదిరింది."

పెర్సీ గింజుకున్నాడు. డైరెక్టర్ ఒకసారి ఆ నడుం చూసి, సరే కానీమన్నాడు. ఎలా ఏడవాలో జూలియాయే గుడారం వెనక్కి తీసుకెళ్ళి నేర్పింది.

సైలస్ నాయకుడయ్యాడు. సినిమా విడుదలైనరోజు జూలియా హాల్లోకి వెళ్ళలేదు. తెర మీదైనా అల్లుడి ముఖం అల్లుడి ముఖమేగా. బయట మెట్ల మీద కూర్చుంది. ఆట అయ్యాక లిజీ వచ్చి, పక్క సీట్లలో దొరసానులు ఆ ముసలావిడ ఏడుపుకి కరిగిపోయారని, అసలు సిసలు లకోటా మనిషి తప్ప అలా ఎవరూ ఏడవలేరన్నారని చెప్పింది. జూలియా కడుపు పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత, తెర మీద ఆ ముఖం ఎంత పెద్దగా కనపడిందని అడిగింది.

మీరైతే ఏం చేసేవారు? ఆ ఒక్కసారికి అల్లుడి ముఖం చూసేవారా?