రెక్కకు ఆనించిన అరచెయ్యి

మొన్న ఆసుపత్రిలో నన్ను స్కానింగ్ గొట్టంలోకి పంపుతూ, భయమేస్తే నొక్కమని చేతిలో రబ్బరు బుడ్డ పెట్టారు. కళ్లు మూసుకోగానే నిరుడు పోయిన మా బావ గుర్తొచ్చాడు.

తొంభైల చివర్లో భివండి నుంచి మేమిద్దరం విమానాల షెడ్డుకు కాంట్రాక్టు పనికి పోయేవాళ్లం. కొన్నేళ్లకోసారి విమానానికి పెద్ద తనిఖీ ఉంటుంది; సీట్లు, నేల పలకలు అన్నీ ఊడదీసి, తుప్పు ఎక్కడ పట్టిందో, చీలిక ఎక్కడ వచ్చిందో వెతుకుతారు. సన్నగా ఉండేవాణ్ణి కనుక రెక్క లోపలి ఇంధనపు ట్యాంకు తుడిచే పని నాకు పడింది. అడుగునున్న కంతలోంచి భుజాలు ముడుచుకుని దూరితే, ఆపైన పాకడమే తప్ప ఒళ్లు తిప్పడం కుదరదు.

రెక్క కింద నిలబడి మాటిమాటికి నన్ను పిలవడం బావ పని, పలకడం నా పని. కాని ఏళ్ల తరబడి సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో నేసి నేసి బావకు చెవులు పోయాయి. పెదవులు చూసి నెట్టుకొచ్చేవాడు. ఆ సంగతి షెడ్డులో తెలిస్తే పని పోయి, అప్పటికే మొదలైన ఆయాసంతో మళ్లీ నూలు దుమ్ములోకే పోవాలి. ట్యాంకులో ఉన్న నా పెదవులు కనబడవు గదా, అందుకని సాంచా మీద చెయ్యి పెట్టి దాని తప్పు పట్టుకునే అలవాటునే ఇక్కడికి తెచ్చాడు. పిలిచి అరచెయ్యి రెక్కకు ఆనిస్తే, నేను పలుకుతూ లోపల రెండుసార్లు తట్టేవాణ్ణి. ఎంత మొత్తుకున్నా లేవడు గాని మంచం తడితే లేస్తడని అక్క నవ్వేది.

ఒకరోజు అడ్డపలకల నడుమ నా చేతులు ఒంటికింద ఇరుక్కుపోయాయి. అరిస్తే అందరికీ వినబడుతుంది, బావకు తప్ప; ఆయన చెవుల సంగతి బయటపడుతుంది. మాస్కులో నా ఊపిరే నాకు వినబడుతుంటే, ఎట్లాగో నేనే వదిలించుకుంటానని, బావ పిలిచినప్పుడు తట్టకుండానే మామూలుగా పలికాను. బావ నన్ను తియ్యమంటే, పలికిండు గదా, ఇంకేందని సూపర్‌వైజర్ అన్నాడట.

"నాకు చెవులు వినబడవు సాబ్. చెయ్యికి చప్పుడు రాలే. మా బామ్మర్ది ఇరుక్కున్నడు, తియ్యుండ్రి."

నన్ను కాళ్లు పట్టి లాగారు. బావను మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆయన మళ్లీ సాంచాలకే పోయాడు, ఆ దుమ్ములోనే దగ్గి దగ్గి పోయాడు.

ఇప్పుడు భివండిలో మా వరాలా తలావ్ చెరువు పక్క సాంచాలు చాలా మూతపడ్డాయి. వీధిలో ఎవరేం మాట్లాడినా ఇంట్లోకి వినబడుతుంది. మొన్న ఆ గొట్టంలోనూ, బాగానే ఉన్నారా అని చెవిలో ఎవరో అడిగారు. ఉన్నానన్నాను. అని, వేలితో గోడను రెండుసార్లు తట్టాను.

కదలొద్దని మర్యాదగా చెప్పారు.