గొంతున్న స్విచ్చులు

పర్చూరులో మా ఖాదర్ వలి బాబాయి గురించి ఒక మాట ఉంది. బాపయ్య గారి నాన్న పోయినప్పుడు పరామర్శకని వెళ్ళి, పీనుగు లేవకముందే వాళ్ళ వరండాలో స్విచ్చు లేపుకొచ్చాడని. ఈ మాట చెప్పేవాళ్ళలో సగం మంది ఆ రోజు ఊళ్ళోనే లేరు. మిగతా సగం మంది అక్కడే ఉండి కూడా, లేనివాళ్ళు చెప్పిన కథే బాగుందని దాన్నే చెబుతున్నారు.

మాట అబద్ధమని నేననను. ఆ స్విచ్చు మా దగ్గరే ఉంది.

బాబాయికి స్విచ్చుల పిచ్చి. కొత్తావకాయ చూస్తే కొందరికి నోరూరినట్టు, పాత నల్ల స్విచ్చు కనిపిస్తే ఆయనకు వేళ్ళు దురద పెడతాయి. ఎవరింటికి వెళ్ళినా మనుషుల కంటే ముందు గోడను పలకరిస్తాడు. టక్. టక్. తల వాల్చి వింటాడు. తర్వాత జేబులోంచి టెస్టరు తీసి దాని మీద అక్కడా ఇక్కడా ఆనిస్తాడు. "దీనికి గొంతుందండీ" అంటాడు. గొంతు వినడానికి టెస్టరు ఎందుకని ఎవరూ అడగలేదు. పిచ్చివాణ్ణి వివరాలు అడగడం మా ఊళ్ళో అలవాటు లేదు.

మనుషుల్ని కూడా స్విచ్చులతోనే గుర్తు పెట్టుకుంటాడు. "ఏ వీరబాబు? వరండాలో ఎడమ చేతివైపు టక్కుమనే వీరబాబేనా?" అంటాడు. ఒకసారి పక్కింటివాళ్ళు తమ అబ్బాయి పెళ్ళిచూపులకు పెద్దమనిషిగా ఈయన్ని చీరాల తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక పిన్ని అడిగింది.

"పిల్ల ఎలా ఉంది?"

"పిల్ల సంగతి సరిగా చూళ్ళేదు గానీ మస్తాన్‌బీ, వాళ్ళ వంటింటి స్విచ్చుంది చూడూ..."

పిన్ని నా వైపు తిరిగింది. "నన్ను చూడ్డానికొచ్చిన రోజుకి మా ఇంటికి ఇంకా కరెంటు రాలేదే అర్ఫా. అందుకే నన్ను చూశాడు."

బాబాయిది మోటార్లు చుట్టే షాపు. పొలాల్లో కాలిపోయిన మోటార్లు తెస్తే పాత తీగ లాగేసి కొత్త తీగ చుట్టి ఇస్తాడు. ఎనిమిదో తరగతి మధ్యలో నా బడి ఆగిపోయింది. అప్పట్నుంచి నేనూ అక్కడే కూర్చుని తీగ చుడతాను. వేళ్ళు సన్నం కాబట్టి సోల్డరింగు పని కూడా నాదే. నేను పెద్దగా మాట్లాడను. మాట్లాడని మనిషి దగ్గర జనం గోడ దగ్గర మాట్లాడినట్టు అన్నీ మాట్లాడేస్తారు. అందుకే నాకు ఊరి సంగతులు బాగా తెలుసు.

రెండువేల మూడులో చీరాలలో ఒక ఇంటర్నెట్టు సెంటరు మూతపడింది. వాళ్ళ జనరేటరు బాగుచేసినందుకు బదులుగా బాబాయి ఒక కంప్యూటరు తెచ్చుకున్నాడు. దాంతోపాటు ఒక సీడీ వచ్చింది. అంతరిక్షంలో ఓడ నడిపే ఆట.

"అర్ఫా, ఏం రాశాడో చదువమ్మా."

"ప్రెస్ ఎనీ కీ అని ఉంది బాబాయ్. ఏదో ఒక మీట నొక్కమంటున్నాడు."

"ఏదో ఒకటా? అంత ఓడను లేపడానికి ఏదో ఒకటా? అయిదు హార్సుపవరు మోటారుక్కూడా ఇదిగో ఇది నొక్కమని పచ్చ రంగేసి ఇస్తారు!"

ఆ అవమానం ఆయన తట్టుకోలేకపోయాడు. మర్నాడే రాకెట్టు కట్టడం మొదలుపెట్టాడు. పురుగుమందుల కొట్టువాడు పారేసిన రేకు బోర్డు వెనక్కి తిప్పి ముందు బల్ల చేశాడు. కూర్చోవడానికి బోల్తాపడ్డ ఆటోలోని సీటు. ఓడ వేగం పెంచడానికి ఫ్యాను రెగ్యులేటరు. పాత కీబోర్డు విప్పితే లోపల అరచేయంత కార్డు ఒకటి ఉంటుంది. మీటలన్నీ చివరికి దానికే చెబుతాయి. దాని కాళ్ళకు తీగలు అతికించి అవతలి కొసల్ని స్విచ్చులకు కలిపితే, స్విచ్చు నొక్కినా కంప్యూటరు మీట నొక్కారనే అనుకుంటుంది. ఎనామెల్ పెయింటుతో పేర్లు నేను రాశాను: లేపు, దించు, కాల్చు, మళ్ళించు.

రాకెట్టు లేచింది. కాకపోతే బాబాయి నడిపితే ఎక్కడా ఆగేది కాదు. ఎదురుగా ఏ గ్రహం కనిపిస్తే దాన్ని గుద్దేది. ఒక్కసారి మాత్రం గంటన్నర క్షేమంగా వెళ్ళింది. దిగబోతుంటే కరెంటు పోయింది.

"ఎంతదూరం పోయారేంటి?" అంది పిన్ని.

"గురుగ్రహం దాటాను."

"అక్కడ కూడా మన సబ్‌స్టేషను కరెంటేనా?"

ఇక్కడితో ఆగితే ఊరికి పేచీ లేదు. కానీ బల్ల మీద ఇంకా జాగా ఉంది. బాబాయి "రాకెట్టుకి కావాలండీ" అంటూ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. గొంతున్న స్విచ్చు కనిపిస్తే విప్పుకుని, అక్కడ కొత్త తెల్ల స్విచ్చు బిగించి వచ్చేవాడు. పాతదానికి కొత్తదిచ్చే పిచ్చోడు దొరికాడని జనం నవ్వుకున్నారు. బాపయ్య గారు తన పడకగది స్విచ్చు తానే విప్పి, తువ్వాలులో చుట్టి పట్టుకొచ్చారు.

"ఇది కూడా తీసుకుని కొత్తదియ్యి ఖాదరూ."

బాబాయి నొక్కి చూశాడు. మా బోర్డుకి బిగించి టెస్టరు ఆనించాడు. వెలగలేదు. "దీనికి గొంతు లేదండీ, తీసుకెళ్ళండి."

"మా నాన్న పోయిన రోజు వరండాలోది అడక్కుండానే పీకావుగా! దానికంటే ఇదేం తీసిపోయిందిరా?"

ఆ రోజు పొద్దుగూకాక నేనూ వెళ్ళాను. శవానికి నీళ్ళు పోశారు, వరండా అంతా తడి. ఆ తడిలో ఇరవై మంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. బాబాయి గోడ వైపు ఒకటికి రెండుసార్లు చూసి, వెళ్ళి మెయిను కట్టేసి వచ్చాడు. ఆ చీకటికి దెయ్యం వచ్చిందని ఒకావిడ మూర్ఛపోయింది కూడా.

ఊరంతా ఇచ్చింది గానీ వెంకటరావమ్మ గారు మాత్రం ఇవ్వలేదు. ఆవిడకు మూడెకరాల మిరపచేను. భర్త రాఘవయ్య గారు పోయాక తనే చేసుకుంటోంది. చేలో మోటారు షెడ్డు, షెడ్డులో రాఘవయ్య గారు బిగించిన స్టార్టరు, దాని పక్కన మేకుకు తాడుతో వేలాడే ఒక సుబాబుల్ కర్ర. కర్ర ఎందుకంటే, పచ్చ మీట చేత్తో నొక్కితే షాకు కొడుతుంది. మా వైపు దాన్ని షాకనరు, జిల్లనడం అంటారు. పురుగుమందు మార్చడానికి నలుగురిని సలహా అడిగే రైతు, జిల్లుమనే స్టార్టరును మార్చడు. కర్ర మారుస్తాడు.

"అత్తా, మార్చుకో అని మూడేళ్ళ నుంచి చెబుతున్నాను" అన్నాడు బాబాయి.

"పదేళ్ళ నుంచి చంపనిది ఇప్పుడు చంపుతుందంట్రా? ఆయన బతికున్నప్పుడూ అంతే. ముట్టుకుంటే కరిచేవాడు."

"పోనీ నాకియ్యి. రాకెట్టుకి పెట్టుకుంటా. కొత్తది నేను బిగిస్తా."

"ఊళ్ళో ఇన్ని స్టార్టర్లుండగా మా ఆయనదే కావాల్సొచ్చిందా నీ రాకెట్టుకి?"

"దాని గొంతు ఇంకోదానికి లేదత్తా. అదికాదు, షెడ్డు కారుతోంది. వానకి నీ కర్ర తడుస్తుంది. తడిస్తే కర్రా కరెంటే."

"తడిస్తే ఎండదూ?"

ఆ ఏడు వానలు ముందే దిగాయి. మబ్బు పట్టిన ప్రతిసారీ ఆయన సైకిలు ఆ చేను వైపే పోయేది. సినిమా హాల్లో బొమ్మ మారినట్టు వారానికో కొత్త కబురు: ముసలామె ఆస్తి మీద కన్నేశాడు, షెడ్డులో రాఘవయ్య పాతిపెట్టిన బంగారముంది. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తడిసి వచ్చేవాడు. పిన్ని తువ్వాలు మొహాన కొట్టేది. "ఇచ్చిందా?" "ఇవ్వలేదు." "ఆవిడ పోయాకైనా ఇస్తుందేమో కనుక్కోండి" అంది ఒకరోజు వేళాకోళానికి. బాబాయి అన్నం సగంలో వదిలి లేచిపోయాడు. ఆయన అన్నం వదలడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ నెలలోనే వెంకటరావమ్మ గారి మోటారు కాలింది. మోటారు షాపులో పెట్టి ఇంటికి పోయే రైతు ఉండడు. లోపలి రాగి తీగ మార్చేస్తారని పక్కనే కాపలా కూర్చుంటారు. ఆవిడా స్టూలు వేసుకుని నా చేతులకేసి చూస్తూ కూర్చుంది. రెండు గంటలకు విసుగొచ్చి వెనక గదిలోకి తొంగిచూసింది.

"ఇదేనంట్రా? ఎక్కొచ్చా?"

బాబాయి ఆటో సీటు తువ్వాలుతో దులిపాడు. ఆవిడ చెప్పులు విడిచి ఎక్కి, కొంగు సర్దుకుంది.

"ఇది ఎటు పోతుంది?"

"పైకత్తా."

"పైనేముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేని చోటికి ఇంత హడావిడా! సరే, లేపేది ఏది?"

బాబాయి బల్ల నడుమ చూపించాడు. 'లేపు' అన్న స్విచ్చు అక్కడ లేదు. రేకులో చతురస్రంగా ఒక కంత ఉంది. అంతకు ముందురోజే నా చేత కోయించాడు. కొలత కాగితం మీద రాసిచ్చాడు.

"నీ స్టార్టరు కోసం ఖాళీ పెట్టానత్తా. అది లేక లేవట్లేదు."

పచ్చి అబద్ధం. నిన్నటి దాకా లేచింది, గుద్దింది కూడా. నేను తల వంచుకుని తీగ చుట్టాను.

ఆవిడ ఆ కంతలో చెయ్యి పెట్టి చూసింది. "మా ఆయన చీరాల దాటి ఎరగడ్రా" అంది. "పేరు రాస్తావా?"

"ఈ పిల్ల రాస్తుంది. పెయింటుతో."

"ఇంటిపేరుతో సహా రాయాలి."

మర్నాడు పొద్దున్నే చేనుకు వెళ్ళాం. బాబాయి ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని స్టార్టరు మూత విప్పాడు. లోపల తీగ తోలు ఎలుకలు కొరికేశాయి. ఉత్త తీగ రేకు డబ్బాను ఒరుసుకుని ఉంది. డబ్బా తగిలించింది ఇనప కమ్మీకి. ఆ కమ్మీ మీదే ఆవిడ రోజూ తువ్వాలు ఆరేసుకుంటుంది. బాబాయి గబుక్కున మూత వేసేశాడు.

"ఎలా ఉందిరా లోపల?"

"బంగారంలా ఉందత్తా. ఇప్పటివాటికి ఈ పనితనం ఎక్కడిది?"

శుక్రవారం మధ్యాహ్నం ప్రారంభోత్సవం. వీధి సగం వచ్చింది. స్టార్టరు మీద రాఘవయ్య గారి పేరు ఎర్రగా మెరుస్తోంది. వెంకటరావమ్మ గారు సీటులో కూర్చుని, కొంగు చాటునుంచి సుబాబుల్ కర్ర తీసింది.

"అత్తా, ఇప్పుడు కర్రెందుకు?"

"నీకేం తెలుసురా ఆయన సంగతి!" అని దూరం జరిగి పచ్చ మీటను పొడిచింది. తెర మీద ఓడ నిప్పులు కక్కుతూ లేచింది. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని, "నెమ్మదయ్యా, నెమ్మది" అంది.

వారం తిరక్కుండా వీరబాబు టీ బంకు దగ్గర చెబుతుంటే విన్నాను. ఖాదర్ వలి రాకెట్టు ఆశ చూపించి, ముసలామెను బుట్టలో వేసి, మొగుడి గుర్తు కాస్తా కాజేశాడట. ఆటకు కావాలని ఊళ్ళో ఉన్న స్విచ్చులన్నీ ఊడ్చేశాడట. నేను పాలు తీసుకుని వచ్చేశాను.

ఆ బల్ల మీద స్విచ్చులు అరవై మూడు. సోల్డరు పెట్టింది నేనే కాబట్టి నాకు తెలుసు, ఆటకు కావలసినవి పద్నాలుగు, వెనక తీగ ఉన్నవీ ఆ పద్నాలుగే. మిగతావన్నీ టెస్టరు వెలిగినవి, ముట్టుకుంటే జిల్లుమనేవి, ఇక్కడ ఊరికే ఉన్నాయి. రాఘవయ్య గారి స్టార్టరుకూ తీగ లేదు. ఆ శుక్రవారం ఆవిడ కర్రతో పొడిచినప్పుడు, బల్ల కింద కూర్చుని అసలు మీట నొక్కింది నేను.